రెండో లీడర్ రాకపోతే క్యాంపుకి వెళ్లొచ్చా?

రెండో లీడర్ చివరి నిమిషంలో రానన్నారు, ఒక అబ్బాయి నాన్నగారు తోడొస్తానంటున్నారు, స్కౌట్ పిల్లల ట్రూప్‌ని (బృందాన్ని) శనివారం రాత్రి క్యాంపుకి తీసుకెళ్లొచ్చా అని అడిగారు కదండీ. వద్దండీ. స్కౌటింగ్ అమెరికాలో (పాత పేరు బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా) ఏ కార్యక్రమానికైనా 21 ఏళ్లు నిండి, రిజిస్టరైన లీడర్లు ఇద్దరుండాల్సిందే. అమ్మాయిలుంటే మహిళా లీడర్ కూడా ఉండాలి. ఆ నాన్నగారు ఎంత మంచివారైనా రిజిస్టర్ కాలేదు కాబట్టి లెక్కలోకి రారు.

"అందరం తెలిసినవాళ్లమే కదా" అన్నారు. నాకు భయమేసేది అక్కడే. 2020లో ఈ సంస్థ దివాలా పిటిషన్ వేశాక, చిన్నప్పుడు లైంగిక దాడికి గురయ్యామంటూ 82 వేలకు పైగా క్లెయిములు వచ్చాయి. వాటిలో చాలామంది నిందితులు ఆ ఇళ్లకు బాగా తెలిసిన లీడర్లే.

ముందు మీ ట్రూప్ కమిటీ ఛైర్‌కి ఫోన్ చేయండి. పక్క ట్రూప్ నుంచి రిజిస్టరైన లీడర్ ఎవరైనా దొరుకుతారేమో కనుక్కోండి. దొరక్కపోతే వాయిదా వేసి, ఈ రాత్రే తల్లిదండ్రులకి చెప్పేయండి: "రెండో లీడర్ లేరు, అందుకే ఆపుతున్నాం." సాకులేం వద్దు.

ఇంకోటి, ఆ అబ్బాయిని మీరొక్కరే కారులో దింపుతానన్నారు, అదీ కుదరదు. వాళ్ల అమ్మానాన్నలే వచ్చి తీసుకెళ్లాలి. అతనికి వాట్సాప్ చేసినా వాళ్లలో ఒకర్ని కలిపిన గ్రూపులోనే చేయండి.