టెక్ సందేహాలు: బ్యాటరీ సెల్ మీది ఆ కాగితం రింగు పారేయకండి

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో కాగితం చుట్టూ తిరిగేవి నాలుగు ఉన్నాయి. వాటన్నిటికీ ఇక్కడే జవాబిస్తున్నాను.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి 18650 అనే గుండ్రటి లిథియం సెల్స్ తీసి టార్చిలైటుకి ప్యాక్ తయారు చేసుకుంటున్నాను. ప్లస్ వైపు ఉండే చిన్న కాగితం రింగు ఒకదానికి చిరిగింది. విజిటింగ్ కార్డు కత్తిరించి పెట్టొచ్చా? (ఖమ్మం పాఠకుడు)

వద్దండీ. 18650లో మైనస్ అంటే అడుగుభాగం ఒక్కటే అనుకుంటాం. నిజానికి చుట్టూ ఉన్న స్టీలు డబ్బా మొత్తం మైనస్సే. ఆ డబ్బా అంచు పైదాకా వచ్చి ప్లస్ బొడిపె చుట్టూ లోపలికి మడిచి ఉంటుంది. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఎడం అక్కడ చాలా తక్కువ. మీరు వెల్డింగ్ చేసే నికెల్ స్ట్రిప్ సరిగ్గా ఆ అంచు మీదుగానే పక్క సెల్‌కి వెళ్తుంది. పైన ఉన్న పల్చటి ప్లాస్టిక్ తొడుగు రాపిడికి కోసుకుపోయిందంటే స్ట్రిప్ డబ్బాకి తగులుతుంది, సెల్ నేరుగా షార్ట్ అవుతుంది. అలా షార్టయిన సెల్‌లోంచి పదుల ఆంపియర్ల కరెంటు పారుతుంది. మంట లేవడానికి అది చాలు. దాన్ని అడ్డుకునేది ఆ రింగే.

ఈ సెల్ ఇచ్చే 3.7 ఓల్టులని ఆపడానికి మామూలు నోటుబుక్కు కాగితమైనా సరిపోతుంది. కాబట్టి ఇక్కడ చూడాల్సింది ఓల్టేజీ కాదు, రాపిడికీ ఒత్తిడికీ చెమ్మకీ అది ఎంతకాలం తట్టుకుంటుందన్నది. ఫ్యాక్టరీలో ఈ రింగుకి వాడే కాగితం పేరు ఫిష్ పేపర్. దాన్ని నూలు కాగితం పొరలని జింక్ క్లోరైడ్‌లో నానబెట్టి, ఒకదానికొకటి అతుక్కునేలా నొక్కి, కడిగి, ఆరబెట్టి చేస్తారు. 1859లోనే బ్రిటన్‌లో థామస్ టేలర్ ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఈ కాగితం సులువుగా చిరగదు, చిల్లు పడదు. విజిటింగ్ కార్డుకి ఆ గట్టిదనం లేదు. పైగా కొన్ని కార్డుల మీద బంగారు రంగు అక్షరాలు లోహపు రేకుతో అచ్చు వేస్తారు, వాటిగుండా కరెంటు పోతుంది.

వెనక జిగురు ఉన్న రెడీమేడ్ రింగులు షీట్ల లెక్కన దొరుకుతాయి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో "18650కి ఫిష్ పేపర్ రింగులు" అని అడగండి. ఆకుపచ్చగా ఉండే బార్లీ పేపర్ ఇచ్చినా తీసుకోవచ్చు. ఒక్క సెల్‌కే కాకుండా అన్నిటికీ కొత్తవి అంటించండి. తొడుగు చిరిగిన సెల్‌కి ముందు తొడుగు మార్చి, ఆ తర్వాతే రింగు పెట్టండి.

ప్రశ్న: పవర్ సప్లై సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్‌కీ హీట్‌సింక్‌కీ (వేడిని లాగేసే లోహపు పలకకీ) మధ్య ఉండే మైకా (అభ్రకం) ముక్క విరిగితే, దాని బదులు తెల్లకాగితం పెట్టాను. షార్ట్ లేదని మల్టీమీటర్ చూపించింది. అయినా కాసేపటికే ట్రాన్సిస్టర్ కాలిపోయింది. ఎందుకు? (ఇంజినీరింగ్ విద్యార్థి, విజయనగరం)

కాగితం కరెంటుతో పాటు వేడిని కూడా ఆపేసింది. మీకు కావలసింది కరెంటుని ఆపి వేడిని వదిలే పదార్థం. కాగితంలో పీచుల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి దానిలోంచి వేడి చాలా నెమ్మదిగా పోతుంది. లెక్క వేసి చూద్దాం. 0.1 మిల్లీమీటరు మందం, ఒకటిన్నర సెంటీమీటరు చదరం ఉన్న కాగితం మీదుగా ఒక్క వాట్ వేడి దాటాలంటే, రెండు వైపులా సుమారు 5 నుంచి 9 డిగ్రీల తేడా కావాలి. మీ ట్రాన్సిస్టర్ 10 వాట్ల వేడి వదులుతుంటే హీట్‌సింక్ కన్నా 50 నుంచి 90 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. మైకా అయితే అదే మందంలో సుమారు పదింతలు ఎక్కువ వేడిని దాటిస్తుంది, ఇంకా పల్చటి పొరలుగా చీలుతుంది కూడా. నెల్లూరు మైకాకి కరెంటు సామాన్ల తయారీలో గిరాకీ వచ్చింది ఈ గుణాల వల్లే. కొత్త మైకా ముక్క గానీ సిలికాన్ ప్యాడ్ గానీ పెట్టండి. కాగితానికి థర్మల్ పేస్ట్ రాసినా లాభం లేదు.

ప్రశ్న: మా గేటెడ్ కమ్యూనిటీ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆయిల్ ఫిల్టర్ చేయించాం. అయినా టెస్ట్ చేసినవాళ్లు "లోపల పేపర్ వయసైపోయింది, మార్చుకోవడం మంచిది" అంటున్నారు. 11 వేల ఓల్టుల యంత్రంలో కాగితం ఏమిటి? మమ్మల్ని భయపెడుతున్నారా? (అసోసియేషన్ సభ్యురాలు, హైదరాబాద్)

కాగితం ఉన్న మాట నిజమేనండీ. తీగచుట్ల పొరల మధ్య క్రాఫ్ట్ పేపర్ (గట్టి గోధుమరంగు కాగితం), ప్రెస్‌బోర్డ్ (నొక్కి చేసిన మందపాటి అట్ట) ఉంటాయి. వాటిని వేడిలో, వాక్యూమ్‌లో పూర్తిగా ఆరబెట్టి, తర్వాత ఆయిల్‌తో నింపుతారు. కాగితంలో గాలి ఉన్న చోటల్లా ఆయిల్ దూరుతుంది. అప్పుడు ఆ జంట ఆపగలిగే ఓల్టేజీ, పొడి కాగితం ఒక్కటే ఆపగలిగేదాని కన్నా చాలా ఎక్కువ. ఇది పాత విద్యే. 1890ల మొదట్లో లండన్‌లోని డెప్ట్‌ఫర్డ్ విద్యుత్ కేంద్రం నుంచి నగరంలోకి ఇంజినీర్ ఫెరాంటీ 10,000 ఓల్టుల కరెంటు తెచ్చిన కేబుళ్లలో ఇన్సులేషన్ మైనంలో నానిన కాగితమే. వాటిలో కొన్ని 1933 దాకా పనిచేశాయి.

కాగితమంటే సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ కణాలు వరసగా అల్లుకున్న పొడవాటి గొలుసులు. కొత్త కాగితంలో ఒక్కో గొలుసులో వెయ్యి కణాల దాకా ఉంటాయి. వేడికీ చెమ్మకీ ఆ గొలుసులు తెగుతూ, 200 దగ్గరికి వచ్చేసరికి కాగితం పెళుసుబారిపోతుంది. విచిత్రమేమిటంటే అప్పటికీ అది ఓల్టేజీని ఆపగలుగుతూనే ఉంటుంది. కానీ బయట ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ జరిగి తీగచుట్లు ఒక్కసారి గట్టిగా కుదుపుకి లోనైతే, ఆ పెళుసు కాగితం పగిలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పోయేది ఆ క్షణంలోనే. ఆయిల్‌ని ఫిల్టర్ చేయొచ్చు, మార్చొచ్చు. తెగిన గొలుసుల్ని ఎవరూ అతికించలేరు.

హాట్‌స్పాట్ (తీగచుట్లలో అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కే చోటు) ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పెరిగితే కాగితం పాడయ్యే వేగం రెట్టింపవుతుందని ఇంజినీర్లు లెక్క కడతారు. కాగితం కుళ్లినప్పుడు దానిలోంచే నీరు పుడుతుంది, ఆ నీరు మిగతా కాగితాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తుంది. పల్లెల్లో కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో బోరు మోటార్లన్నీ ఒకేసారి మొదలైనప్పుడు, ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లో దెబ్బతినేది కూడా ఈ కాగితమే. ఆ స్టార్టర్లు తీసేయమని కరెంటు సిబ్బంది చెప్పే మాట వినడం రైతులకే మేలు.

మిమ్మల్ని భయపెడుతున్నారో లేదో తేలాలంటే ఆయిల్‌లో ఫ్యూరాన్ల టెస్ట్ రిపోర్ట్ చూపించమనండి. కాగితం పాడయ్యేటప్పుడు పుట్టే పదార్థాలవి. ట్రాన్స్‌ఫార్మర్ విప్పకుండానే లోపలి కాగితం స్థితి వాటి ద్వారా తెలుస్తుంది. అయితే ఫిల్టరింగ్ అయ్యాక తీసిన శాంపిల్‌లో ఫ్యూరాన్లు తక్కువగా కనిపించొచ్చు, అందుకే అంతకుముందు తీసిన రిపోర్ట్ ఉందేమో అడగండి. చెమ్మ ఎంతుందో కూడా రాయించుకోండి. అంకెలు చూపించకుండా మార్చమంటే ఒప్పుకోకండి. ఈలోగా బ్రీదర్‌లో (ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే గాలి నుంచి చెమ్మని పీల్చే భాగంలో) సిలికా జెల్ రంగు మారితే వెంటనే మార్పించండి. ఏసీలన్నీ నడిచే వేసవి రాత్రుల్లో లోడు ఎంత ఉందో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: దీపావళికి రంగు కాగితం లాంతర్లు చేస్తున్నాం. లోపల ఏ బల్బు పెట్టాలి? (రాజమహేంద్రవరం)

మూడు, నాలుగు వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు గాజు 100 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, దాని దగ్గరికి కాగితం రాకూడదు. పైనా కిందా గాలి ఆడేలా తెరిచి ఉంచండి, లేకపోతే ఎల్‌ఈడీ డ్రైవర్ త్వరగా పాడవుతుంది. ఆరుబయట కట్టేవాళ్లు మూసి ఉన్న హోల్డరే వాడండి. వానకి తడిసిన కాగితం కరెంటుని ఆపదు, కాబట్టి లాంతరు తడిస్తే స్విచ్ ఆపేదాకా ముట్టుకోకండి.