మోటారు కలపగానే ఎస్‌ఎంపీఎస్ ఆరిపోతే అది పాడైనట్టేనా?

మీ 24 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్‌కు (ఏసీని డీసీగా మార్చి ఇచ్చే పవర్ సప్లైకి) 3 ఆంపియర్ల మోటారు కలపగానే పచ్చ లైటు వెలిగి ఆరుతోందని, మోటారు తీసేస్తే స్థిరంగా ఉంటోందని రాశారు. దయచేసి అప్పుడే దాన్ని పారేయకండి. అది తనను తాను కాపాడుకుంటోంది.

కంట్రోల్ ప్యానెళ్ల పని నేర్చుకునే రోజుల్లో ఇలాంటి సప్లైనే ఒకదాన్ని లారీ హెడ్‌లైటు బల్బు పెట్టి పరీక్షించాను. 24 వోల్టులు, 70 వాట్లు. లెక్కకు 3 ఆంపియర్లు కూడా దాటదు. అయినా లైటు ఇలాగే కొట్టుకుంది. సప్లై చెడిపోయిందని యజమానికి చెప్పి కొత్తది కొనిపించాను. అదీ అలాగే చేసింది. చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం వేడిమీద ఉండేదానిలో పదో వంతే ఉంటుందని, మొదటి క్షణంలో అది దాదాపు 30 ఆంపియర్లు అడుగుతుందని అప్పుడు తెలిసింది. అనవసరంగా ఖర్చు పెట్టించిన బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మోటారుదీ అదే కథ. తిరగడం మొదలయ్యేదాకా దానిలో ఎదురు వోల్టేజి పుట్టదు. కరెంటును ఆపేది తీగచుట్ట నిరోధమొక్కటే. అది 1.5 ఓంలు అయితే 16 ఆంపియర్లు లాగుతుంది. హికప్ రకం సప్లై దీన్ని షార్ట్ సర్క్యూట్‌గానే చూస్తుంది: అవుట్‌పుట్ ఆపేస్తుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆపేస్తుంది. మోటారు వేగం అందుకునే వ్యవధే దొరకదు. స్థిర కరెంటు రకమైతే ఆపేయదు, వోల్టేజిని దించి తన పరిమితి మేరకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. బరువు ఎక్కువ లేకపోతే మోటారు నెమ్మదిగా పుంజుకుంటుంది. అయితే అదే సప్లై మీద పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపించే చిన్న కంప్యూటర్) ఉంటే, ఆ దిగిన వోల్టేజికి అది రీసెట్ కావచ్చు. కాబట్టి మోటారుకు వేరే సప్లై పెట్టడమే నా సలహా.

24 వోల్టుల వైపు ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే బ్రేకర్) ఉంది కదా, షార్ట్ అయితే అదే పడుతుందన్న ధీమా కూడా వద్దు. సీ రకం 4 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే ఏసీలోనే 20 నుంచి 40 ఆంపియర్లు కావాలి, డీసీలో ఇంకా ఎక్కువ. మీ 5 ఆంపియర్ల సప్లై అంత ఇవ్వలేదు. దీనికి కరెంటును ఎలక్ట్రానిక్‌గా గమనిస్తూ పరిమితి దాటితే ఆపేసే ఎలక్ట్రానిక్ ఫ్యూజు సరైనది.

ముందుగా కరెంటు ఆపి, మోటారు తీగలు విప్పి, షాఫ్టును చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే తప్పు అక్కడే ఉంది. సులువుగా తిరిగితే మీటరుతో తీగచుట్ట నిరోధం కొలవండి. షాఫ్టును కొంచెం కొంచెం జరుపుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన విలువ తీసుకోండి. సప్లైని పరీక్షించడానికి బల్బు వద్దు, 10 ఓంల, 100 వాట్ల రెసిస్టర్ పెట్టండి. దాని మీద 24 వోల్టులు నిలకడగా వస్తే సప్లై బాగున్నట్టే. మోటారు తీగచుట్టకు వచ్చిన ఓంల విలువ, సప్లై మోడల్ రాస్తే ఎంత సామర్థ్యం కావాలో లెక్కకట్టి చెబుతాను.