అదే వాన, వేరే వరద

ప్రశ్న: మా వాగు పరీవాహక ప్రాంతం 4 చదరపు కిలోమీటర్లు. రెండుసార్లు 50 మి.మీ. చొప్పున వాన పడింది. మొదటిసారి వాగులో పాదాలు తడిసే నీరే వచ్చింది. తర్వాత వారం ముసురు పట్టి, రెండో వానకు గట్టు దాటి పొర్లింది. వానమాపకం తప్పు చూపిందంటారా?

జవాబు: వానమాపకం సంగతి తర్వాత, ముందు నేలను చూడండి. పడిన వానంతా వాగుకు చేరదు. నేల తాగగా మిగిలిందే చేరుతుంది. కర్వ్ నంబర్ పద్ధతిలో లెక్క చూద్దాం. నేల రకాన్ని, పదునును బట్టి ఇచ్చే అంకె ఇది; ఎంత పెద్దదైతే అంత ఎక్కువ నీరు పారుతుంది. నేల పట్టు, అంటే నేల పట్టి ఉంచగల నీరు (మి.మీ.లలో) = 25400 ÷ కర్వ్ నంబర్ − 254. మామూలు పదునులో నంబరు 75 అనుకుంటే పట్టు సుమారు 85 మి.మీ. అందులో ఐదో వంతు, అంటే 17 మి.మీ. నిండేదాకా చుక్క కదలదు. మిగిలిన 33ను వర్గం చేసి, 33 + 85తో భాగిస్తే పారేది 9 మి.మీ. పైచిలుకు.

ముసురుకు నానిన అదే నేలకు నంబరు 88 అవుతుంది, పట్టు 35కు పడిపోతుంది. ఇప్పుడు పారేది 24 మి.మీ. చదరపు కిలోమీటరు మీద 1 మి.మీ. అంటే వెయ్యి ఘనపు మీటర్లు. కాబట్టి మీ వాగుకు మొదటిసారి సుమారు 37 వేలు, రెండోసారి 96 వేల ఘనపు మీటర్లు వచ్చి ఉంటాయి. ఆ ఐదో వంతు మాత్రం రాతిమీద చెక్కిన లెక్క కాదు. కొన్నిచోట్ల ఇరవయ్యో వంతు నిండగానే నీరు కదులుతుంది. అలా తీసుకుంటే పట్టునూ తిరగలెక్కించాలి.

ప్రశ్న: గంటకోసారి గేజి (నీటి మట్టం చూపే కొలబద్ద) చూసి రాసుకుంటున్నాం. వరద గుర్తులు గట్టు మీద ఎత్తుగా ఉంటున్నాయి, మా పుస్తకంలో మాత్రం అంత మట్టం ఎప్పుడూ లేదు. ఎందుకు?

జవాబు: మీరు చూసే రెండు వేళల మధ్యే వరద వచ్చి పోతోంది. చిన్న వాగులకు కిర్పిచ్ 1940లో ఇచ్చిన సూత్రం ఉంది: వాగు పొడవుకు (మీటర్లలో) 0.77 ఘాతం, వాలుకు (ఎత్తు తేడా ÷ పొడవు) మైనస్ 0.385 ఘాతం వేసి, ఆ రెంటి లబ్ధాన్ని 0.0195తో హెచ్చించండి. పైకొస నుంచి నీరు దిగువకు చేరే నిమిషాలు వస్తాయి. పొడవు 3000 మీటర్లు, వాలు 0.02 అయితే 42 నిమిషాలు. వాన నడిమి నుంచి వరద శిఖరానికి అందులో 0.6 వంతు, అంటే 25 నిమిషాలు. అరగంట వానైతే అది వెలిసిన పది నిమిషాలకే శిఖరం! వాన మొదలవగానే 5 నిమిషాలకోసారి రాయండి. రాత్రి వరదల కోసం గేజి పక్కన నిలువు గొట్టంలో కర్ర నిలబెట్టి, లోపల బెండు పొడి వేయండి. నీరెక్కినంత మేర పొడి కర్రకు అంటుకుంటుంది. చదివాక తుడవడం మరిస్తే పాత గీతే మళ్లీ చదువుతారు.

ప్రశ్న: వరద నీటిలోంచి ఊట నీటిని విడదీసేదెలా?

జవాబు: శిఖరం దాటాక తగ్గే వైపు ప్రవాహాన్ని లాగ్ స్కేలు (ఒక్కో గడికి పది రెట్లు పెరిగే కొలత) మీద గీయండి. వంపు పోయి గీత తిన్నబడిన చోట నుంచి పారేది ప్రధానంగా ఊటే. పరీవాహక విస్తీర్ణానికి (చదరపు కిలోమీటర్లలో) 0.2 ఘాతం వేసి 0.83తో హెచ్చిస్తే శిఖరం తర్వాత వరద ఆగే రోజులు వస్తాయని ఒక బండలెక్క ఉంది. 100 చదరపు కిలోమీటర్లకు 2 రోజులు. 4 చదరపు కిలోమీటర్ల వాగుకు మాత్రం ఆ లెక్క కన్నా మీరు గీసిన గీతనే నమ్మండి.