పిల్లల ఊబకాయానికి బ్రెయిన్ స్కాన్ ఎలా ఉపయోగపడుతుంది?

బరువు ఎక్కువున్న పిల్లలకి బ్రెయిన్ స్కాన్ తీస్తే చికిత్స దొరుకుతుందా అని అడిగారు. నేరుగా దొరకదు. కానీ ఈ పిల్లలకి తిండి మీద అదుపు ఎందుకు ఉండదో అర్థం చేసుకోవడానికి అది చాలా పనికొస్తుంది.

ఫంక్షనల్ ఎంఆర్ఐ (మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్) మెషీన్‌లో పడుకోబెట్టి తిండి ఫొటోలు చూపిస్తారు. మెదడులో ఏ భాగం ఎక్కువ పనిచేస్తే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువ వెళ్తుంది, మెషీన్ పట్టుకునేది ఆ తేడానే. రేడియేషన్ ఉండదు, కాకపోతే కదలకుండా ఉండాలి, పిల్లలతో అదే కష్టం.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది 2007లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో పరిశోధకురాలు సదఫ్ ఫారూకీ బృందం చేసిన పని. పుట్టుకతోనే లెప్టిన్ (ఒంట్లో కొవ్వు సరిపడా ఉందని మెదడుకి చెప్పే హార్మోన్) లేని ఇద్దరు టీనేజర్లకి కడుపు నిండా తిన్నాక కూడా తిండి ఫొటో చూస్తే మెదడులో స్ట్రయాటమ్ (ఇంకా కావాలనిపించే భాగం) చురుగ్గా స్పందించేది, ఏడు రోజులు లెప్టిన్ ఇచ్చాక మాత్రం తిన్న తర్వాత ఆ స్పందన తగ్గిపోయింది. అంటే ఆ ఆకలి బద్ధకమో మొండితనమో కాదు, దయచేసి పిల్లల్ని తిట్టకండి.

అమెరికాలో 9-10 ఏళ్ల పిల్లల స్కాన్లలో, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) ఎక్కువున్నవాళ్లకి ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే మనల్ని మనం ఆపుకోవడానికి పనికొచ్చే భాగం, కొంచెం పలచగా కనిపించింది. అది కారణమా, ఫలితమా అన్నది ఒక్క స్కాన్‌తో తేలదు.

కాబట్టి ఇంట్లో పిల్లల కోసం స్కాన్ వెంట పడొద్దు. ఐదేళ్లలోపే విపరీతమైన ఆకలితో బరువు బాగా పెరిగి ఉంటే, జెనెటిక్ టెస్ట్ గురించి పిల్లల ఎండోక్రైనాలజిస్ట్‌ని (హార్మోన్ల డాక్టర్‌ని) అడగండి.