నర్సుకి రోజంతా ఉన్నందుకు కాదు, నేర్పినందుకు డబ్బులివ్వండి

మీ లెటర్ చదివాను. నాన్నగారికి పక్షవాతం, ముక్కులో ట్యూబ్ నుంచి రోజుకి 5 సార్లు ఫీడ్, 2 సార్లు ఇన్సులిన్, ఇంట్లో 24 గంటలూ నర్సులు, 4 నెలల్లో సేవింగ్స్ సగం అయిపోయాయి, ఇప్పుడు తమ్ముడు ఉద్యోగం మానేసి తనే చూసుకుంటా అంటున్నాడు, ఏం చెయ్యాలి అని అడిగారు. ముందు తమ్ముడిని ఆపండి. ఇంట్లో ఒక జీతం ఆగిపోతే ఆ నష్టం ఈ ఒక్క ఏడాదితో పోదు, రేపు తిరిగి ఉద్యోగం దొరుకుతుందో లేదో, దొరికినా ఎంత జీతానికో ఎవరు చెప్పగలరు.

మీరు రాసిన పనులు లెక్కేశాను. ఒక్కో ఫీడ్‌కి అరగంట, ఇన్సులిన్‌కి 10 నిమిషాల చొప్పున వేసుకున్నా మొత్తం 3 గంటలు కూడా కాదు. మిగతా టైమంతా పక్కకి తిప్పడం, శుభ్రం చెయ్యడం, తోడుండటం, ఇవి మంచి అటెండెంట్ చేసేవే, కానీ మీరు కట్టేది మాత్రం 24 గంటలకీ నర్సు రేటే కదా. డాక్టర్ ఒప్పుకుంటే అటెండెంట్‌ని పెట్టుకుని, ఫీడ్, ఇన్సులిన్ ఎలా ఇవ్వాలో ఇదే నర్సుతో కొన్ని రోజులు ట్రైనింగ్ ఇప్పించండి, మీరూ తమ్ముడూ కూడా పక్కనే ఉండి నేర్చుకోండి, లేకపోతే అటెండెంట్ సెలవు పెట్టిన రోజు మళ్ళీ ఎమర్జెన్సీ రేటుకి నర్సు కోసం పరిగెత్తాల్సొస్తుంది.

ట్రైనింగ్ అంటే ఒకసారి చూపించి వెళ్ళిపోవడం కాదండీ. నర్సు చేసి చూపించాలి, తర్వాత వాళ్ళు నర్సు ముందు చేసి చూపించాలి, ఎందుకలా చేస్తున్నారో నోటితో చెప్పగలగాలి. ఫీడ్ ముందు ముక్కు దగ్గర ట్యూబ్ మీద పెట్టిన గుర్తు జరిగిందా చూడటం, తల వైపు ఎత్తి ఉంచడం, ఫీడ్ అయ్యాక కూడా వెంటనే పడుకోబెట్టకపోవడం, వీటిలో ఏది తప్పినా పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా రావచ్చు, అప్పుడు ఐసీయూ బిల్లు ఒక్కటే మీరు నెలల తరబడి మిగిల్చింది తినేస్తుంది. అలాగే ఇన్సులిన్ ఇచ్చాక ఫీడ్ లేటయితే షుగర్ 70 కిందకి పడిపోవచ్చు, షుగర్ పడిపోతే కనిపించే లక్షణాలు అందరికీ తెలిసుండాలి.

కొన్ని మాత్రం ఎంత డబ్బు మిగిలినా అటెండెంట్‌కి అప్పగించొద్దు. ఊడిన ట్యూబ్ మళ్ళీ వెయ్యడం, నరానికి ఇంజెక్షన్, ఇన్సులిన్ డోస్ మార్చడం. ఇంకోటి, మీ నాన్నగారి కోసం నేర్చుకున్నది ఆయన వరకే, అదే అటెండెంట్‌తో ఇంకొకరికి చేయించకండి.

నర్సుని పూర్తిగా మానెయ్యకండి, మొదటి నెల వారానికోసారి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు వచ్చి అటెండెంట్ చేసేది చూసి వెళ్ళేలా మాట్లాడుకోండి. ఆ విజిట్ల ఫీజు, ట్యూబులు, సిరంజిలు, షుగర్ స్ట్రిప్స్ ఖర్చు నెల బడ్జెట్‌లో ముందే పక్కన పెట్టాకే ఎంత మిగులుతుందో చూడండి. మీ ఇన్సూరెన్స్ పాలసీలో ఇంటి దగ్గర నర్సింగ్‌కి ఏమైనా వస్తుందేమో అడగండి, చాలా పాలసీలు అటెండెంట్ జీతం ఇవ్వవు, కాబట్టి దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు. మిగిలిన సేవింగ్స్‌లో 3 నెలల ఖర్చు విడిగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. ఈ వారంలోనే నర్సుతో కూర్చుని, ఏ పని ఎవరు చెయ్యొచ్చో కాగితం మీద రాయించుకుని డాక్టర్‌కి చూపించండి.