రేడియో కొనేముందు చెవి పెట్టండి

కొత్తగా అమెరికా వచ్చిన మన పిల్లలు వీసా గురించి, క్రెడిట్ స్కోరు గురించి, కారు ఇన్సూరెన్సు గురించి అడుగుతుంటారు. నాకు తెలిసింది చెబుతుంటాను. కిందటి నెలలో డాలస్‌లో చదువుకుంటున్న ఒక అబ్బాయి మాత్రం వేరే ప్రశ్న వేశాడు. “అంకుల్, చేతిలో ఇమిడే చిన్న రేడియో సెట్టు ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను కదా, అందులో మాట్లాడితే ఇబ్బంది వస్తుందా?” ఇరవై ఏళ్లకు పైగా హ్యామ్ రేడియోను, అంటే లైసెన్స్ తీసుకుని సరదా కోసం సొంత సెట్టుతో ఇతరులతో మాట్లాడే వ్యాపకాన్ని, అంటిపెట్టుకుని ఉన్నవాణ్ణి. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. అతనికి చెప్పినదే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

లైసెన్స్ లేకుండా మాట్లాడితే ఇబ్బందే. హ్యామ్ బ్యాండ్లు వినడానికి మాత్రం లైసెన్స్ అక్కరలేదు. కాబట్టి ముందు వినండి. చాలామంది సెట్టు కొని, మీట నొక్కి “హలో” అని, ఎవరూ పలకకపోతే దాన్ని సొరుగులో పడేస్తారు. నా సలహా దీనికి పూర్తిగా తలకిందులు. మొదటి నెల వినడం, రెండో నెల చదవడం, ఆ తరువాతే కొనడం.

వినడానికి పెద్ద ఖర్చు లేదు. కంప్యూటర్‌కు తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న ముక్క చాలు. నిజానికి అది టీవీ ప్రసారాల కోసం తయారైన చిప్పు. దానితో విశాలమైన ఫ్రీక్వెన్సీల మేర అంతా వినవచ్చని ఔత్సాహికులు కనిపెట్టారు. తెర మీద నీలిరంగు నేపథ్యంలో పసుపు గీతలు జారుతుంటాయి, ఒక్కో గీత ఒక్కో ప్రసారం. దానిలో మొదట వెతుక్కోవలసింది వాతావరణ రేడియో. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు ఛానెళ్లలో రోజంతా వాతావరణ సమాచారం చెబుతూనే ఉంటారు. సుడిగాలి హెచ్చరికలు కూడా అక్కడ వస్తాయి. టోర్నడో అంటే ఏమిటో ఎరగని ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లం మనం. హ్యామ్ రేడియో మీద ఆసక్తి లేకపోయినా ఇదొక్కటి మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉండాలి.

ఆ తరువాత 145.800 మెగాహెర్ట్జ్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో మన తల మీదుగా పోతుంటుంది. అందులోని వ్యోమగాములు అప్పుడప్పుడు బడిపిల్లలతో హ్యామ్ రేడియోలో మాట్లాడతారు. మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి పెరట్లో నిలబడి విన్నాం. ఎనిమిది నిమిషాలో, తొమ్మిది నిమిషాలో. మొదట గరగర, తరువాత స్పష్టంగా గొంతు, మళ్లీ గరగర. కేంద్రం దిగంతం దాటిపోయాక కూడా మా అమ్మాయి సెట్టును చెవి దగ్గరి నుంచి తీయలేదు.

ఇక లైసెన్స్ సంగతి. దీనికి అమెరికా పౌరసత్వం అక్కరలేదు, గ్రీన్‌కార్డు అక్కరలేదు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధులకు తప్ప ఎవరికైనా ఇస్తారు. రేడియో వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వారి వద్ద ముందుగా పేరు నమోదు చేసుకుని ఎఫ్‌ఆర్‌ఎన్ అనే నంబరు తెచ్చుకోవాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రానివారు ఆ సంగతి అక్కడే చూపించి నమోదు చేసుకునే వీలుంది. మొదటి మెట్టు టెక్నీషియన్. 35 ప్రశ్నలు, 26 సరిగా రాస్తే గట్టెక్కినట్టే. నాలుగు వందలకు పైగా ఉన్న మొత్తం ప్రశ్నలూ, జవాబులూ ముందుగానే బహిరంగంగా పెడతారు. పరీక్షలో వచ్చేవి వాటిలోనివే. ఈ ప్రశ్నల సంచి నాలుగేళ్లకోసారి జూలై 1న మారుతుంది. 2022లో ఒకటి వచ్చింది, దాని గడువు 2026 జూన్‌తో సరి. స్నేహితుడి పాత పుస్తకం పట్టుకుని కూర్చునే ముందు అట్ట మీద ఏడాది చూసుకోండి. పరీక్ష పెట్టేది స్వచ్ఛందంగా పనిచేసే హ్యామ్‌లే. గ్రంథాలయంలోనో, చర్చి హాల్లోనో పెడతారు, ఆన్‌లైన్‌లో కూడా రాయవచ్చు. పాసయ్యాక ఎఫ్‌సీసీకి 35 డాలర్లు కట్టాలి. లైసెన్స్ పదేళ్లు ఉంటుంది. నేను షార్ట్‌వేవ్ లైసెన్స్ తీసుకున్న రోజుల్లో నిమిషానికి ఐదు మాటల వేగంతో మోర్స్, అంటే చుక్కలూ గీతల సంకేత భాష, కూడా రావాలి. 2007 ఫిబ్రవరిలో ఆ నిబంధన తీసేశారు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. లైసెన్స్ మీద మీరిచ్చే చిరునామా ఎఫ్‌సీసీ జాబితాలో లోకమంతా చూసేటట్టు ఉంటుంది. మీ కాల్‌సైన్, అంటే రేడియోలో మీకిచ్చే గుర్తింపు పేరు, విన్న ఎవరైనా అరనిమిషంలో మీ ఇంటి నంబరు దాకా రావచ్చు. ఒంటరిగా ఉండే ఆడపిల్లలు, నిజానికి అందరూ, పోస్టాఫీసు పెట్టె చిరునామా ఇవ్వడం మంచిది. ఇల్లు మారినప్పుడల్లా ఆ చిరునామా సరిచేయాలి. దానికి రుసుము లేదు. ఏడాదికోసారి అపార్ట్‌మెంట్ మారే మనవాళ్లు మరిచిపోయేది సరిగ్గా ఇక్కడే.

ఇప్పుడు కాల్‌సైన్. అక్షరాలూ అంకే కలిసిన ఈ పేరు ప్రపంచంలో మీకొక్కరికే ఉంటుంది. టెక్సాస్‌లో ఉంటే మధ్యలో 5 వస్తుంది, కాలిఫోర్నియా అయితే 6. మన దేశంలో వీయూ2, వీయూ3 అని మొదలవుతాయి. దాన్ని పలకడంలో మనకొక చిక్కుంది. ఇంగ్లీషు వాళ్లకు ‘వీ’ వేరు, ‘డబ్ల్యూ’ వేరు. మన నోటికి రెండూ ఒకటే ‘వ’. పెదవి పంటికి తగలాలా వద్దా అన్నది మనం చిన్నప్పుడు ఎన్నడూ ఆలోచించిన విషయం కాదు. ఫోనులో మన పేరు చెబితే అవతలివాళ్లు తప్పుగా రాసుకోవడానికి ఒక కారణం ఇదే. రేడియోలో ఈ బాధ తీరింది నాకు. ఇక్కడ ‘వీ’ అనరు, ‘విక్టర్’ అంటారు. ‘డబ్ల్యూ’ అనరు, ‘విస్కీ’ అంటారు. ఆల్ఫా, బ్రావో, చార్లీ అని మొత్తం అక్షరాలకూ మాటలున్నాయి. ఇవి ఒక వారం కంఠస్థం చేస్తే రేడియో ఒక్కటే కాదు, బ్యాంకుకు ఫోన్ చేసినా, ఆస్పత్రిలో పేరు చెప్పినా పని జరుగుతుంది. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను నేర్పే మొదటి పాఠం ఇది.

లైసెన్స్ వచ్చాక చేతి సెట్టు కొనవచ్చు. దాని బలం చిన్నది కాబట్టి ఎత్తైన చోట ఉన్న రిపీటర్ మన మాట అందుకుని పెద్ద శక్తితో తిరిగి పంపుతుంది. అది మాట్లాడే ఫ్రీక్వెన్సీ వేరు, వినే ఫ్రీక్వెన్సీ వేరు. రిపీటర్ 146.88లో వినిపిస్తుంటే మనం 146.28లో పంపాలి. దానికి తోడు, చాలా రిపీటర్లకు మన గొంతు వెనకాల చెవికి దాదాపు అందని మంద్రమైన ఒక టోను కూడా పంపాలి. ఆ టోను లేకపోతే అలాంటి రిపీటర్ మన మాట పట్టించుకోదు. మొదటిసారి నేను ఆ టోను పెట్టలేదు. మూడు రోజుల పాటు సాయంత్రం సాయంత్రం పిలిచాను, ఎవరూ పలకలేదు. నా యాస అర్థం కాక, లేదా కొత్తవాణ్ణని, జవాబివ్వడం లేదేమో అనుకుని చాలా నొచ్చుకున్నాను. నాలుగో రోజు మాన్యువల్ చదివి టోను సరిచేశాను. మీట వదిలీ వదలకముందే ఒక పెద్దాయన నా కాల్‌సైన్ తప్పు లేకుండా పలికి, స్వాగతం చెప్పి, మీ వాతావరణం ఎలా ఉంది అని అడిగాడు. విశ్రాంత రైల్వే ఉద్యోగి. తరువాత పదేళ్లు ఆయన నాకు గురువు. టంకం వేయడం, చెట్టు మీదికి వైరు విసరడం, గాలివానలో కంగారు పడకుండా మాట్లాడడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకే మీకు జవాబు రాకపోతే ముందు టోను చూసుకోండి, మనుషుల్ని తరువాత అనుమానించవచ్చు.

ఫోను ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారున్నారు. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ గారు హ్యామ్ రేడియోతో అండమాన్‌లోనే ఉన్నారు. ఫోన్లు మూగబోయిన ఆ ద్వీపాల నుంచి కబుర్లు ఆమె సెట్టు ద్వారా బయటికి వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. కారు బ్యాటరీ మీద నడిచే నా రేడియోలో ఏ రోడ్డు మూసేశారో, ఎక్కడ మంచినీళ్లు ఇస్తున్నారో వినిపిస్తూనే ఉంది. చుట్టుపక్కల నాలుగు ఇళ్లకు ఆ కబుర్లు నేనే చేరవేశాను.

అపార్ట్‌మెంట్‌లో యాంటెన్నా ఎలా అన్నది పెద్ద సందేహం. లీజు కాగితాలు చదవండి. సొంత ఇల్లు కొన్నా కాలనీ సంఘం నిబంధనలు అడ్డం రావచ్చు. డిష్ యాంటెన్నాలకు ఉన్న చట్టపు రక్షణ మనవాటికి లేదు. నేను అద్దెకున్న రోజుల్లో బాల్కనీ రెయిలింగు వెంట కట్టిన సన్నని వైరును కూడా యాజమాన్యం తీయించింది. పై అటక ఉన్న ఇంట్లో మాత్రం ఎవరి కంటా పడకుండా వైరు పరచవచ్చు. 468ని మనం వాడే ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వైరు పొడవు అడుగుల్లో వస్తుంది. 14.2కు దాదాపు 33 అడుగులు. మధ్యలో కోసి రెండు సగాలకూ కేబుల్ అతికిస్తే అదే డైపోల్. నేను కొన్న ఖరీదైన వస్తువులు చాలా మూలపడ్డాయి, ఆ వైరు ఇంకా పనిచేస్తోంది.

ఇండియా ప్రయాణంలో సెట్టు సూట్‌కేసులో పెట్టుకోవద్దు. ఎఫ్‌సీసీ లైసెన్స్ అక్కడ దానంతట అది చెల్లదు, ముందుగా అక్కడి అనుమతి ఉండాలి. చేతి సెట్టు వాడే బ్యాండ్ ఇక్కడ హ్యామ్‌లకు 144 నుంచి 148 మెగాహెర్ట్జ్ దాకా, అక్కడ 146తో ఆఖరు. ఉపగ్రహ ఫోనును అయితే అనుమతి లేకుండా అసలు ముట్టుకోకండి.

చివరి సందేహం, ఆ అబ్బాయి లేచి వెళుతూ అడిగింది. “తెలుగులో మాట్లాడవచ్చా అంకుల్?” నిస్సందేహంగా. ఏ భాషైనా సరే. పది నిమిషాలకోసారి, ముగించేటప్పుడు, కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషులో చెప్పాలి, అంతే. రహస్య సంకేతాలు, వ్యాపారం, పాటలు పనికిరావు.

ఇక్కడి నుంచి తెలుగు నేలతో తేలిగ్గా మాట్లాడాలంటే మాత్రం టెక్నీషియన్ తరువాత రెండో మెట్టు జనరల్ కూడా రాయడం మంచిది. అప్పుడే 14 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడే హక్కు వస్తుంది. డాలస్ నుంచి తెలుగు నేలకు దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది, 14 వేల కిలోమీటర్ల పైమాట. మార్చి నెల ఉదయాల్లో ఇక్కడ సూర్యోదయం, అక్కడ సూర్యాస్తమయం ఇంచుమించు ఒక్క ఘడియలో వస్తాయి. వెలుగూ చీకటీ కలిసే ఆ గీత వెంట తరంగాలు బాగా సాగుతాయి. అలాంటి ఒక ఉదయం వీయూ2 ఒకటి వినిపించింది. ధ్రువం మీదుగా వచ్చే గొంతుకు ఒక వణుకు ఉంటుంది, నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు. ఇంగ్లీషులో నా పేరు చెప్పాను. అవతల రెండు క్షణాల నిశ్శబ్దం. తరువాత ఆ వణుకులోంచే, “మీరు తెలుగువారేనా అండీ?”

నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. అటు చీకటి పడేకొద్దీ గొంతు సన్నగిల్లి, గరగరలో కలిసిపోయింది. లాగ్ పుస్తకంలో సమయం, ఫ్రీక్వెన్సీ రాశాక, భాష అని ఒక గడి కొత్తగా గీసుకున్నాను.