ఈఆర్సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) పవర్స్‌ని అసెంబ్లీ చట్టంతో తీసేయొచ్చా?

ఒక పాఠకుడి డౌట్: "రాష్ట్ర ప్రభుత్వం అసెంబ్లీలో చట్టం చేసి, కరెంటు ఛార్జీలు నిర్ణయించే పవర్ ఈఆర్సీ దగ్గర్నుంచి లాక్కుంటే చెల్లుతుందా అండి? అప్పుడు మేం ఎవరికి చెప్పుకోవాలి?"

చట్టం చేయడానికి అడ్డేం లేదండి, అది కోర్టులో నిలబడుతుందా అన్నదే పాయింట్. కరెంటు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా 38వ అంశం, పార్లమెంటూ చట్టం చేయొచ్చు అసెంబ్లీ కూడా చేయొచ్చు, కానీ ఆల్రెడీ 2003 విద్యుత్ చట్టం ఉంది, టారిఫ్ (కరెంటు రేట్లు) నిర్ణయించేది కమిషనే అని 62, 64, 86 సెక్షన్లు క్లియర్‌గా చెప్తున్నాయి, దానికి అడ్డం వెళ్లే రాష్ట్ర చట్టం 254వ అధికరణం ప్రకారం ఆ మేరకు చెల్లదు. ఒక్కటే దారి, బిల్లు రాష్ట్రపతికి పంపి ఆమోదం తెచ్చుకోవాలి, అప్పుడు ఆ రాష్ట్రం వరకు నడుస్తుంది, అదీ పార్లమెంటు మళ్లీ మార్చనంత వరకే. కాబట్టి చట్టం వస్తే ముందు గెజిట్‌లో చూడాల్సింది అదే, రాష్ట్రపతి ఆమోదం ఉందా, గవర్నర్ సంతకం ఒక్కటేనా అని.

మనకి 1998 ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం ఉంది కదా అంటారు కొందరు. ఉంది, 2003 చట్టంలోని 185 సెక్షన్ దాన్ని ఉంచింది కూడా, కాకపోతే 2003 చట్టానికి విరుద్ధంగా లేనంత వరకే.

నిజానికి కొత్త చట్టం లేకుండానే 2003 చట్టంలోని 108 సెక్షన్ కింద ప్రభుత్వం ప్రజాప్రయోజనం ఉన్న విధాన విషయాల్లో కమిషన్‌కి రాతపూర్వకంగా డైరెక్షన్ ఇవ్వొచ్చు, అయితే యూనిట్ ఇంత అని రేటు రాసివ్వడం విధానం కిందకి రాదు అనేది నా అభిప్రాయం. అందరూ చదవాల్సింది మాత్రం 65వ సెక్షన్ అండి. ఫలానా వర్గానికి రేటు తగ్గించాలనుకుంటే తగ్గించుకోవచ్చు, కానీ ఆ సబ్సిడీ డబ్బు ప్రభుత్వం డిస్కంకి (మనకి కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థకి) ముందే కట్టాలి, కట్టకపోతే కమిషన్ ఆ మేరకు ఆర్డర్ ఇచ్చిన తేదీ నుంచి ఆ తగ్గింపు ఆగిపోతుంది. ఈ ఒక్క సెక్షన్ కచ్చితంగా అమలైతే డిస్కంలకి సగం కష్టాలు తీరతాయని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మీ సంగతి. డిస్కం టారిఫ్ ప్రతిపాదనలు బయటపెట్టినప్పుడు ఊరుకోకండి, ఒక్క పేజీ అయినా సరే మీ అభ్యంతరం రాసి పంపండి, జనం చెప్పింది పరిశీలించాకే ఆర్డర్ ఇవ్వాలని 64 సెక్షన్‌లోనే ఉంది. ఆర్డర్ నచ్చకపోతే కాపీ అందిన 45 రోజుల్లో ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. రాష్ట్ర చట్టమే చెల్లదు అనాలంటే హైకోర్టులో రిట్ వేయాలి. మీ మీటరు, మీ బిల్లు తప్పు అయితే ఇవేవీ అక్కర్లేదు, డిస్కంలో ఉండే వినియోగదారుల ఫోరం, అక్కడ కుదరకపోతే విద్యుత్ ఓంబుడ్స్‌మన్.